ప్రవాసికి న్యాయసహాయము

పరదేశమున మనవాడొకడు మరణించినాడని కబురు వచ్చినచో మా రాచర్ల సీమలో ఊరంతయు కదలును. శవమును తెప్పించుటకు చందాలు వేయుదురు. ఎన్నడును ఆ యింటి గడప త్రొక్కనివారు సైతము నూరో రెండువందలో ఇత్తురు. ఇది మంచి యాచారమే. దానిని నేను తక్కువచేసి పలుకను. కాని అదే మనుష్యుడు ప్రాణములతో నుండి, ఎనిమిది నెలల జీతము రాక, పాస్‌పోర్టు యజమాని బీరువాలో చిక్కి, "ఒక వకీలును పెట్టుకొనవలెను, కొంచెము ధనము కూర్చుడు" అని కబురంపినచో ఊరు కదలదు. "వాని ఖర్మము, ఏజెంటు మాట యేల నమ్మవలెను?" అందురు. చచ్చినవానికి చందా, బ్రదికినవానికి బుద్ధులు. ఈ వ్యత్యాసమును గూర్చియే నేడు శ్రోతలకు కొన్ని మాటలు మనవి చేయదలచినాను.

నేను వకీలును గాను. ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు సంధులును సమాసములును చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. కనుక నాకు తెలిసిన త్రోవలోనే, మాటలతోనే మొదలుపెట్టెదను. వలస యన్నది మనకు క్రొత్త మాట కాదు. పూర్వము పరరాజుల దండు వచ్చుచున్నదని విన్నంతనే పల్లెజనులు పిల్లాజెల్లతో, గొడ్డూగోదతో అడవులకును కొండలకును తరలిపోవుదురు. దానినే వలసపోవుట యనిరి. దండు దాటిపోయిన పిమ్మట మరలివచ్చి పాడుపడిన యిండ్లను కప్పుకొనువారు. ఇప్పటి దండు కరవు. నల్లమలకును వెలికొండలకును నడుమనున్న మా నేల వాననే నమ్ముకొన్నది. గుండ్లకమ్మ పారిననాడు పారును, లేనినాడు ఇసుకయే. బోర్లెండిన కుటుంబములు మిరపకోతలకు గుంటూరు వైపునకును, తాపీపనులకు హైదరాబాదు, బెంగుళూరులకును పోవుచున్నవి. మార్కాపురమున పలకల పని తగ్గిన తరువాత ఆ చేతులును అదే దారి పట్టినవి. కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతములతో చుట్టరికమున్నవారు కువైటునకును మస్కట్టునకును పోయిరి. చదువుకొన్నవారి పిల్లలు అమెరికాకు పోయిరి.

రెండవ మాట దిక్కు. తూర్పు పడమరలును దిక్కులే; ఆదుకొనువాడును దిక్కే. ఒక్క శబ్దమున ఈ రెండర్థములును ఇమిడియుండుట ఊరకే కాదని నా తలంపు. పరదేశమున చిక్కుపడినవానికి మొదట తాను ఎక్కడ నున్నాడో తెలియదు. ఊరి పేరు తెలియును, వీధి పేరు తెలియును; కాని చట్టము దృష్టిలో తాను ఎక్కడ నిలిచియున్నాడో తెలియదు. అది చెప్పువాడు లేకున్న ఆదుకొనువాడు వచ్చియు ఫలము లేదు. న్యాయసహాయమనగా ఈ రెండు దిక్కులును కలిసిన పని.

ఇక విషయములోనికి వచ్చెదను. మన ఊరిలో కూలి ఎగవేసిన కామందుపై వ్యాజ్యము వేసినవాడు వ్యాజ్యము తెమలువరకు తన యింట తాను తిని, తన మంచముపై తాను పండుకొనును. ప్రవాసికి ఆ వసతి లేదు. గల్ఫుదేశములలో మనవాని ఉనికికే యజమాని పూచీదారు. ఆ పూచీదారును అరబ్బీలో కఫీలు అందురు. నివాసపు అనుమతిపత్రమును మనవారు అకామా యందురు. యజమాని చేయి విడిచిన యెడల అకామా పోవును. అకామా పోయినవాడు ఆ దేశమున నిలిచియుండుటయే నేరమగును. యజమానిపై ఫిర్యాదు చేయుటకు ఇల్లు దాటి బయటకు వచ్చినవానిపై, పని విడిచి పారిపోయినాడని యజమానియే ముందుగా ఫిర్యాదు చేయును. అంతటితో జీతము రావలసినవాడు పట్టుబడవలసినవాడుగా మారిపోవును. ఖతారు మొదలైన కొన్ని దేశములు 2018 తరువాత ఈ కట్టుబాటును కొంత సడలించినవి. సడలింపు చట్టములో నున్నంత మాత్రమున తాళము వేసిన వంటయింటిలో నున్నదానికి అది వినబడునా?

ప్రవాసి బాధలో ప్రతివాది చేతిలోనే వాది ఉనికి యున్నది. ఇట్టి వ్యాజ్యమును ఒంటివాడు నడుపలేడు. ఒక సంస్థ నడుపవలెను. ఇది నేడు పుట్టిన యూహ కాదు. దీనికి మన దేశస్థుల చరిత్రలోనే గట్టి దృష్టాంతమున్నది.

1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసునుండి కూలీలను గొనిపోయి దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరినది. ఆ ఓడలోను, ఆ పిమ్మట పోయిన ఓడలలోను తమిళులతోపాటు తెలుగువారును పోయిరి. అయిదేండ్ల ఒడంబడికపై చెఱకుతోటలలో పనిచేయవలెను. ఆ ఒడంబడికలో నున్న విషమిది: కూలివాడు యజమానిని విడిచిపోయినచో అది అప్పు ఎగవేత వంటి తగవుగా కాక నేరముగా పరిగణింపబడి, కారాగారము ప్రాప్తించును. ఇప్పటి కఫీలు కట్టుబాటునకు అది పెదతండ్రి వంటిది.

1894వ సంవత్సర ప్రాంతమున బాలసుందరము అను తమిళ కూలివాడు ఇట్లే యజమానిని విడిచి డర్బనులో ఒక యువకుడైన బారిస్టరు గదిలోనికి వచ్చెను. బట్టలు చినిగియున్నవి. ముందుపండ్లు రెండు విరిగి నోట నెత్తురు కారుచున్నది. తలపాగా చేతబట్టుకొని వణకుచు ఏడ్చుచున్నాడు. తెల్లవారియెదుట తలపాగా తీసి నిలువవలెనన్నది అచ్చటి కూలీలకు అలవాటైపోయిన అవమానము. బారిస్టరు మొదట వానిని తలపాగా చుట్టుకొమ్మనెను. ఆ బారిస్టరు మోహన్‌దాసు కరంచందు గాంధి. వకాలతు మొదలుపెట్టి మూడు నాలుగు నెలలు గూడ కాలేదు.

గాంధిగారు తమ ఆత్మకథలో వ్రాసికొన్న ఈ వృత్తాంతమును చాలమంది కరుణరసమునకై చదువుదురు. నేను మాత్రము అందలి పనివరుసను చూడుడని చెప్పుదును. బాలసుందరము మాట గాంధిగారికి తెలియదు. ఆయన గుమాస్తా తమిళుడగుటచేత ఆ మాటను తెలియజెప్పెను. తరువాత గాయము ఆరకముందే వైద్యుని కడకు పంపి దెబ్బలకు సర్టిఫికెట్టు సంపాదించిరి. ఆ పత్రముతో తిన్నగా మేజిస్ట్రేటు నొద్దకు తీసికొనిపోయిరి. యజమానిని జైలుకు పంపుట ఆయన కోరిక కాదు; కూలివానికి ఆ యింటినుండి విడుదల కావలెను. విడుదలకు రెండే త్రోవలు: వలసకూలీల రక్షకుడను అధికారి ఒడంబడికను రద్దుచేయుటయో మార్చుటయో, లేక యజమాని తానై విడుచుటయో. భారతీయులు ఒడంబడిక కూలీలను పెట్టుకొనరాదు గనుక క్రొత్త యజమానిగా ఒక తెల్లవానినే వెదకి ఒప్పించిరి. దుబాసి, వైద్యుడు, పత్రము, న్యాయస్థానము, రక్షకాధికారి, క్రొత్త ఆశ్రయము: ఈ ఆరింటిలో ఏది తప్పినను బాలసుందరము తిరిగి ఆ దొర యింటికే పోయియుండును. న్యాయసహాయమనగా న్యాయస్థానములో ఉపన్యాసము అని తలంచువారు దీనిని గమనింపవలెను. ఉపన్యాసమునకు ఇందులో తావే లేదు.

మరియొక సంగతి. బాలసుందరము నాటి చట్టము ప్రకారము నేరము చేసినవాడే. యజమానిని విడిచి వచ్చినాడు గదా! గడువు మీరి నిలిచిపోయిన ప్రవాసులకు సహాయము చేయుట చట్టవిరోధులకు కొమ్ముకాయుట యగునని సంశయించు పెద్దలు ఉన్నారు. వారు సదుద్దేశముతోనే అందురు. కాని తప్పెవరిదో తేల్చువాడు న్యాయాధిపతి; తేల్చుటకు ఉభయుల మాటయు వినవలెను; రెండవవాని మాట వినబడుటకే ఈ సహాయము. దోషము లేదని ముందే రుజువు చేసికొని రమ్మనుట, జ్వరము తగ్గిన తరువాత వైద్యుని కడకు రమ్మనుట వంటిది.

అదే 1894వ సంవత్సరము ఆగష్టులో నేటాలు ఇండియను కాంగ్రెసు స్థాపింపబడినది. అది పుట్టినది ఓటుహక్కు తగవు కొరకు; కాని బాలసుందరము వార్త ప్రాకిన తరువాత కూలీలు దానిని తమ దిక్కుగా తలచి రాసాగిరి. ఆ సంఘమునకు ధనమెట్లు వచ్చినదో చూడుడు. నెలకు అయిదు షిల్లింగులు చందా. కలిగినవారు హెచ్చు ఇచ్చిరి. గాంధిగారు తాముగూడ నెలకొక పౌను వేసికొనిరి. చెల్లించిన ప్రతివానికి రసీదు. అప్పు చేసి ప్రజాకార్యము నడుపరాదను నియమము. ఎన్నో యేండ్ల తరువాత గూడ ఆ 1894 నాటి లెక్కల పుస్తకములు చెక్కుచెదరక యున్నవని ఆయన వ్రాసికొనిరి. చందా వసూలుకై టోంగాటు అను ఊరికి పోయినప్పుడు ఆతిథ్యమిచ్చిన వర్తకుడు ఆరు పౌనులకు బదులు మూడే యిత్తునని భీష్మించెను. వీరు అన్నము ముట్టక, కోపగింపక, రాత్రియంతయు అట్లే కూర్చుండిరి. ఆతడును కూర్చుండెను. తెల్లవారుచుండగా ఆరు పౌనులు ఇచ్చి, అందరికిని భోజనము పెట్టెను. మూడు పౌనులకు ఒప్పుకొన్నయెడల తక్కినవారును సగమే ఇత్తురన్నది వీరి భయము. ఆ భయము నిజమైనదని, ఊరిలో దేవళము చందాకు తిరిగిన నాకు బాగుగా తెలియును.

ఇప్పటి చట్టములలో ప్రవాసికి ఉపయోగపడునవి లేకపోలేదు. 1983వ సంవత్సరపు వలసచట్టము ప్రకారము విదేశములకు పనివారిని పంపు ఏజెంటు ప్రభుత్వముకడ రిజిస్టరు కావలెను. సేవారుసుముగా ఆతడు పుచ్చుకొనదగిన హెచ్చు మొత్తము 30,000 రూపాయలు, దానిపై పన్ను అని నియమము చేయబడినది. మా వైపు లక్షకు తక్కువ పుచ్చుకొన్న ఏజెంటును నేను చూడలేదు. రిజిస్టరు కాక ఈ వ్యాపారము చేయువానికి ఆ చట్టము వ్రాసిన శిక్ష రెండేండ్లవరకు కారాగారము, రెండువేల రూపాయలవరకు జరిమానా. లక్షలు దండుకొన్నవానికి రెండువేలు! మా బడిలో కిటికీ పగులగొట్టిన పిల్లవానికి ఇంతకంటె ఎక్కువ పడియుండును. అయినను ఆ చట్టములో ఒక మంచి వాక్యమున్నది. దానిని మనవారు తెలిసికొనవలెను. ఈ నేరముపై అభియోగము నడుపుటకు కేంద్రప్రభుత్వపు అనుమతి కావలెను. కాని మోసపోయినవాడు తానుగాని, వాని పక్షమున తలిదండ్రులు, భార్య లేక భర్త, బిడ్డలు, తోబుట్టువులు గాని ఫిర్యాదు చేసినప్పుడు ఆ అనుమతితో పని లేదు. పరదేశమున మూతబడిన నోటికి బదులుగా ఇంటనున్నవారి నోటికి చట్టము ఆ హక్కునిచ్చినది.

పదవ తరగతి చదువనివారు గల్ఫు మొదలైన కొన్ని దేశములకు ఉద్యోగమునకై పోవునప్పుడు వలసరక్షకాధికారి అనుమతి పొందవలెను. ఆ అనుమతితో ప్రవాసి భారతీయ బీమా వచ్చును. రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయల ప్రీమియము. ప్రమాదమరణమునకు పది లక్షలు. ఈ పది లక్షల మాట కొందరికి తెలియును. 2017లో సవరించిన ఆ పథకములోనే, ఉద్యోగసంబంధమైన వ్యాజ్యములకు, మన రాయబార కార్యాలయము ధ్రువపరచినచో, 45,000 రూపాయలవరకు న్యాయవ్యయము దొరకునన్న మాట నేనడిగినవారిలో ఒక్కరికిని తెలియదు. ఇక పదవ తరగతి గట్టెక్కినవానికి ఈ తనిఖీ లేదు. ఎందరినో ఆ పరీక్ష గట్టెక్కించిన పుణ్యము నాది. ఆ పుణ్యముచేతనే వానికి తనిఖీ తప్పినది, తనిఖీతోపాటు ఆ బీమా పత్రమును తప్పినది. చదువుకొన్నవాడు తన్ను తాను కాపాడుకొనునని ప్రభుత్వపు నమ్మిక.

మా పొరుగూరి స్త్రీ యొకతె ఒమాను దేశమునకు పోయినది. ఏజెంటు ఆమెను పనివీసాపై కాక విజిటు వీసాపై పంపినాడు. విజిటు వీసాపై పోవువారిని చూచుటకు పోవువారుగా లెక్కింతురు గాని పనికి పోవువారుగా లెక్కింపరు. కనుక ఒడంబడికయు లేదు, బీమాయు లేదు, రక్షకాధికారి పుస్తకములో పేరును లేదు. వంటపని యని చెప్పి రెండిండ్ల చాకిరికి పెట్టిరి. ఏడు నెలల జీతము నిలిచినది. ఆమె కుమార్తె నా శిష్యురాలు. ఫోను చేతబట్టుకొని నా యింటికి వచ్చినది. కడప వైపున ప్రవాసుల మేలుకొరకు పనిచేయు ఒక చిన్న సంఘమువారిని అడిగితిమి. వారు ధైర్యవచనములు చెప్పలేదు. అయిదు ప్రశ్నలు అడిగిరి. పాస్‌పోర్టు నకలున్నదా? వీసా కాగితము ఫోటో యున్నదా? యజమాని పేరు, ఇల్లున్న పేట తెలియునా? ఏజెంటునకు పైకము చేతికిచ్చిరా, ఫోనుద్వారా పంపిరా? ఆమె పంపిన సందేశములు తుడిచివేయక ఉంచితిరా?

ఈ అయిదింటిలో మూడే మావద్ద ఉన్నవి. ఫోనుద్వారా రెండు దఫాలుగా పంపిన పైకపు వివరమే చివరకు అన్నిటికంటె ఉపకరించినది. ఎందుకనగా ఏజెంటు ఆమెను ఎరుగనే యెరుగనన్నాడు. కుమార్తె పేర ఫిర్యాదు వ్రాసితిమి. దానికి ఇంగ్లీషు అనువాదము నేను చేసితిని. అరబ్బీ అనువాదము ఆ సంఘమువారు చేయించిరి. విదేశాంగశాఖవారు 2015లో తెరచిన మదద్ అను ఫిర్యాదుల ద్వారమున దానిని దాఖలు చేసిరి. అచ్చటి మన రాయబార కార్యాలయమువారు యజమానిని పిలిపించిరి. విదేశములలో చిక్కుపడినవారి నిమిత్తము 2009లో ఏర్పరచిన సంక్షేమనిధి మన రాయబార కార్యాలయములవద్ద నుండును. టిక్కెట్టునకు దానినుండి సొమ్ము దొరకినది. ఆమె ఇల్లు చేరినది. ఏడు నెలల జీతములో నాలుగు నెలలది వచ్చినది. ఏజెంటుపై కేసు ఇంకను నడుచుచున్నది. మొత్తము చేతివ్రేళ్లనుండి జారిన ధనము 11,400 రూపాయలు: అనువాదములు, నోటరీ, నకళ్లు, ఒంగోలునకును కడపకును ప్రయాణములు. దానిలో సగమునకు పైగా ఆ సంఘమే భరించినది. ఆ సంఘమునకు నెలనెల చందా ఇచ్చువారు, నేను చూచిన జాబితాలో, నలుబదిమంది లేరు.

ఇచ్చట ఒక శ్రోత అడుగవచ్చును: ప్రభుత్వమే ఉచిత న్యాయసేవ ఇచ్చుచుండగా ఈ సంఘములేల? నిజమే. 1987వ సంవత్సరపు న్యాయసేవాధికారసంస్థల చట్టము ప్రకారము స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా న్యాయవాదిని ఇత్తురు. 15100 అను నంబరునకు ఫోను చేసినను చెప్పుదురు. పై కేసులో ఏజెంటుపై వకాలతు పుచ్చుకొన్నది అట్టి న్యాయవాదియే, శ్రద్ధగానే పనిచేయుచున్నారు. ఎవరి భర్త దూరదేశమున చిక్కుకొన్నను భార్య స్త్రీయైనందున ఈ సహాయమునకు అర్హురాలే. కాని తప్పు సగము ఇచ్చట జరిగినది, సగము సముద్రమునకు ఆవల జరిగినది. ఇచ్చటి న్యాయవాది ఇచ్చటి న్యాయస్థానమునకే పోగలడు. రెండు తీరములకును నడుమ కాగితము నడువవలెను, భాష మారవలెను, ప్రతి వారము ఎవరో ఒకరు "ఏమైనది?" అని అడుగుచుండవలెను. ఆ అడుగువాడే సంఘము.

గల్ఫుకు పోవువారు చదువులేనివారు గనుక మోసపోవుదురని తలంచువారు ఇది వినవలెను. అమెరికాలో మిషిగను రాష్ట్రమున ఫార్మింగ్టను విశ్వవిద్యాలయమని యొకటి వెలసినది. దానికి గురువులు లేరు, తరగతులు లేవు. వలస నియమములను తప్పించుకొనువారిని పట్టుటకు అచ్చటి ప్రభుత్వాధికారులే దానిని కల్పించిరి. 2019 జనవరి చివర దాని గుట్టు బయటపెట్టి, సుమారు 130 మంది విద్యార్థులను నిర్బంధించిరి. వారిలో 129 మంది భారతీయులు. అందులో తెలుగువారే హెచ్చు. తెలిసియే చేరినవారు కొందరు, తెలియక చేరినవారు కొందరు. ఏది నిజమో ఒక్కొక్కరి విషయమై వేరువేరుగా తేలవలసినది.

ఆ దేశపు చట్టములో ఒక వింత యున్నది. దొంగతనము మోపబడిన బీదవానికి ప్రభుత్వము వకీలునిచ్చును. దేశమునుండి వెళ్లగొట్టు విచారణలో వకీలును పెట్టుకొను హక్కున్నది గాని ప్రభుత్వము ఫీజు ఇయ్యదు. 2007 నుండి 2012 వరకు జరిగిన ఇట్టి విచారణలను పరిశోధకులు పరిశీలింపగా నూటికి 37 మందికే వకీళ్లు ఉన్నట్లు తేలినది. నిర్బంధములో నున్నవారిలోనైతే నూటికి 14 మందికే. తక్కినవారు పరభాషలో, ప్రభుత్వపు వకీలునకు ఎదురుగా, ఒంటరిగా నిలిచిరి. అందువలననే ఆ దేశమున లాభాపేక్ష లేని సంఘములు ఈ పనికి పూనుకొన్నవి. అచ్చటి న్యాయశాఖ అట్టి సంఘములను గుర్తించి, వకీళ్లు కాకున్నను తగిన శిక్షణ పొందినవారిని వలస విచారణలలో వాదించుటకు అనుమతించును. పట్టా లేనివానికి వాదించు అధికారము! మా పండితలోకమున ఇట్టి ఔదార్యము ఎన్నడును చూడలేదు.

ఫార్మింగ్టను వ్యవహారమున అమెరికన్ తెలుగు అసోసియేషను మొదలైన సంఘములు వెంటనే వలసచట్టము తెలిసిన న్యాయవాదులను కూర్చి సలహా చెప్పించినవి. మన రాయబార కార్యాలయము రేయింబవళ్లు పనిచేయు టెలిఫోను నంబర్లు ఏర్పరచినది. చాలమంది దేశము విడువక తప్పలేదు. కాని కథ అంతటితో ముగియలేదు. చదువు చెప్పక ఫీజు పుచ్చుకొన్నారని ఒక విద్యార్థి అమెరికా ప్రభుత్వముపైననే దావా వేసెను. క్రింది న్యాయస్థానము ఈ దావా వినదగినది కాదనెను. 2024లో పై న్యాయస్థానము వినవలసినదే యనెను. ఫీజు తిరిగి వచ్చునా రాదా యన్నది వేరు సంగతి. అంత పెద్ద ప్రభుత్వమును "మా సొమ్ము తిని చదువు చెప్పలేదేమి?" అని అడుగుటకు ఒకనికి త్రోవ దొరకినది.

ఒక్కొక్కప్పుడు ఒక సంఘము వేసిన వ్యాజ్యము పేరు తెలియని లక్షలమందికి ఉపకరించును. 2020లో కరోనా కాలమున విమానములు రద్దుకాగా టిక్కెట్ల సొమ్ము చిక్కుపడినది. ప్రవాసి లీగల్ సెల్ అను సంస్థ సుప్రీముకోర్టుకు పోయినది. ఆ యేడు అక్టోబరు 1వ తేదీన ఆ న్యాయస్థానము సొమ్ము వాపసు చేయవలసిన విధమును నిర్ణయించినది. అప్పుచేసి టిక్కెట్టు కొన్న కూలివానికి ఆ సొమ్ము రెండు మూడు నెలల జీతము. ఆతడు ఆ సంస్థ పేరైనను వినియుండడు. దానికి ఒక రూపాయి యైనను పంపియుండడు. ఇట్టి ఉపకారమునకు కృతజ్ఞత ఆశించువాడు ఈ పనికి పనికిరాడు.

ధనమిచ్చువారికి నా వృద్ధాప్యపు చాదస్తముతో రెండు మాటలు. వార్త విని కంట నీరు పెట్టుకొని ఒకనాడు వేయి రూపాయలిచ్చి మరచుట కంటె నెలకు నూరు ఇచ్చుట మేలు. వ్యాజ్యమునకు గడువులుండును. చందా కూడువరకు గడువు ఆగదు. పెట్టెలో ముందే సొమ్ము ఉండవలెను. బాలసుందరమును వైద్యుని కడకు ఆ పూటయే పంపకున్న సర్టిఫికెట్టు ఎట్లు వచ్చియుండును? రెండవది: రసీదు అడుగుడు. సంఘము రిజిస్టరైనదా, ఏటేట లెక్కలు తనిఖీ చేయింతురా యని అడుగుడు. అడిగినందులకు కోపగించు సంఘమునకు ఇయ్యవలదు. మంచి సంఘమువారు అడుగకముందే చూపుదురు. ప్రవాసుల కష్టము పేర చందాలు దండి జేబులు నింపుకొనువారు లేకపోలేదు. వారు ఏజెంట్లకు తమ్ములు.

ధనము లేనివారికి వేరే పనియున్నది. నాబోటి విశ్రాంత ఉపాధ్యాయులు ప్రతి మండలమునను ఉన్నారు. ఫిర్యాదు వ్రాయుట, చదివి వినిపించుట, తేదీల వరుస తప్పకుండ చూచుట మనకు కూడుపెట్టిన విద్యలే. కష్టపడినవాడు కథను చివరినుండి మొదటికి చెప్పును. ఏడ్పు ముందు వచ్చును, తేదీ తరువాత వచ్చును. దానిని వరుసలో పెట్టి ఒక పుటలో వ్రాసియిచ్చినచో న్యాయవాది పని సగము తగ్గును. అలంకారములు మాత్రము చేర్పవలదు. "కసాయివంటి యజమాని" అని వ్రాసిన చోట ఆ యజమాని పూర్తిపేరు వ్రాసినచో ఎక్కువ ప్రయోజనము.

రాచర్లలో మేము నలుగురము కలిసి గత రెండేండ్లుగా ఒక రిజిస్టరు ఉంచుచున్నాము. విదేశమునకు పోవువారు పోకముందు తమ పాస్‌పోర్టు, వీసా, ఒడంబడిక, ఏజెంటు రసీదు, వీని నకళ్లు ఒక జత ఇంటను, ఒక జత మావద్దను ఉంచి పోవుదురు. యజమాని పేరు అరబ్బీలో నున్నదానిని గూడ ఫోటో తీసి ఉంచుమని చెప్పుచున్నాము. తెలుగులో వ్రాసికొన్న పేరు అచ్చటి అధికారులకు పోల్చరానిదగుచున్నది. ఇప్పటికి అరువదిమూడు కుటుంబముల కాగితములు మా బీరువాలో ఉన్నవి. పదునొకండుమంది నెలకు నూరు రూపాయల చొప్పున ఇచ్చుచున్నారు. ఆ సొమ్ము కడప వైపు సంఘమునకు పంపి, రసీదులను రిజిస్టరులో అంటించుచున్నాము. ప్రతి నెల మొదటి ఆదివారము ఉదయము మా యింటి అరుగుపై కూర్చుందుము. వచ్చువారు అసలు పాస్‌పోర్టు తేనక్కరలేదు, నకలు చాలును.